మూసిన తలుపు ముందు ప్రేక్షకుడు



పుస్తకముల పండుగలో చలనచిత్రమును గూర్చి ముచ్చటించుట వింతగా తోచవచ్చును. కాని చదువరికిని, ప్రేక్షకునికిని కావలసినది ఒక్కటే: తన బుద్ధిపై కర్తకు నమ్మకము. అట్టి నమ్మకమునకు నిదర్శనము 1934లో హాలీవుడ్‌లో వెలువడిన ‘ది మెర్రీ విడో’ అను సంగీత హాస్య చిత్రము.

దీనికి మూలము 1905లో వియన్నాలో ప్రదర్శింపబడిన ఫ్రాంజ్ లెహార్ సంగీత నాటకము. దర్శకుడు ఎర్న్‌స్ట్ లూబిచ్ బెర్లిన్‌లో ఒక దర్జీ ఇంట 1892లో జన్మించి, 1922లో అమెరికా చేరినవాడు. నాయకుడు మారిస్ షెవాలియే. నాయిక జానెట్ మెక్డొనాల్డ్.

కథాకాలము 1885. మార్షోవియా అను కల్పిత రాజ్యము భూతద్దముతో వెదకిన గాని పటములో కానరాదు. ఆ దేశపు సంపదలో పెద్దభాగము సోనియా అను వితంతువుది. ఆమె పారిస్ వెళ్లి పరదేశీయుని పెండ్లాడినచో రాజ్యము గతి ఏమి? కనుక ఆమె మనసు గెలిచి తోడ్కొని రావలెనని డానిలో అను సైనికోద్యోగిని రాజు పంపును.

డానిలోయే ఏల? రాజు రాణి శయనమందిరమునుండి వెడలగానే అతడు లోనికి పోవును. రాజు మరచిన కత్తి పటకాకై తిరిగి వచ్చును. కెమెరా మాత్రము లోనికి పోదు. మూసిన తలుపు వెలుపలనే నిలుచును. రాజు పటకాతో బయటికి వచ్చి బిగింపబోగా, అది ఆయన బొజ్జకు చాలదు! ఇక చెప్పవలసినదేమున్నది?

సోనియా శోకమును విడిచినదనియు ఎవ్వరును చెప్పరు. అచట శోకమునకు గుర్తు నలుపు. ఆమె నల్లని దుస్తులు, చెప్పులు మన కన్నులయెదుటనే తెల్లనివగును. కుక్కపిల్ల సైతము తెల్లనిదగును.

చూపనిదానిని మనము ఊహించితిమి. అందుకే నవ్వు మనదైనది. అయినను, 1934 నడుమనుండి అమెరికాలో చిత్రముల నీతి నిబంధనలు కఠినముగా అమలుకాగా, ఈ చిత్రమునుండియు కొన్ని భాగములు తొలగింపబడెను. తొలగింపవలసినది తెరపై కంటె ప్రేక్షకుని ఊహలోనే ఎక్కువ ఉండెను. అచటికి కత్తెర చేరజాలదు.

సోదరులారా, పల్లెవారికి ఇంతకంటె తెలియదని తలచి, వారికై పుస్తకములను పలుచన చేయువారు ఉందురు. వారి మాట వినకుడు. అలమారలు తెరచి ఉంచుడు. చదువరి తక్కినది తానే గ్రహించును.