రాత్రికి దాచుకునే కరెంటు - దాని అసలు ఖర్చు

(పట్టు రైతుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

చింతామణి, శిడ్లఘట్ట, హోసూరు ప్రాంతాల మన తెలుగు రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "షెడ్డు మీద సోలార్ పలకలు పెట్టిస్తే రాత్రి కరెంటు పోయినా పురుగులకు ఇబ్బంది ఉండదు గదా?" అని.

పలకలు మాత్రమే పెట్టిస్తే ఇబ్బంది తప్పదు. పొద్దు గూకిన తర్వాత పలక పనిచేయదు. అంతేకాదు, బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపిన సోలార్, లైను పోగానే పట్టపగలైనా తనంతట తానే ఆగిపోతుంది. లైనుపై మరమ్మతు చేసేవారికి షాకు కొట్టకుండా చేసిన ఏర్పాటది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన సూర్యఘర్ పథకంలో ఇళ్లకు 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించినది ఇలా లైనుకు కలిపే సోలార్‌కే. దానివల్ల ఇంటి బిల్లు తగ్గుతుంది. షెడ్డులో రాత్రి దీపానికి మాత్రం బ్యాటరీ వేరుగా కొనుక్కోవలసిందే.

ఖర్చంతా ఆ బ్యాటరీలోనే ఉంది. పలక 25 సంవత్సరాలు పనిచేస్తుంది. సీసపు ట్యూబులర్ బ్యాటరీ, బాగా చూసుకుంటే, ఐదేళ్లు వస్తుంది. 12 వోల్టుల 150 ఏ.హెచ్. బ్యాటరీలో లెక్క ప్రకారం 1.8 యూనిట్లు పడతాయి. అయితే రోజూ సగానికి మించి వాడితే త్వరగా చెడిపోతుంది గనుక మనకు దక్కేది 0.9 యూనిట్ మాత్రమే. ధర సుమారు 15 వేల రూపాయలు. పలక ఆయుష్షులో ఇలాంటివి ఐదు కొనాలి, అంటే 75 వేలు. అంగడిలో చెప్పే మొదటి ధరలో ఈ లెక్క కనిపించదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ధర ఎక్కువ; కాని అందులో 80 శాతం వరకు వాడుకోవచ్చు, పదేళ్లు వచ్చే అవకాశమూ ఉంది. చేతిలో డబ్బుంటే అదే మేలని నా అభిప్రాయం.

ఇక షెడ్డు అవసరం చూద్దాం. ఐదో దశ పురుగులకు గాలి బాగా ఆడాలి. 9 వాట్ల బల్బులు మూడు, 30 వాట్ల పొదుపు ఫ్యాన్లు రెండు 8 గంటలు నడిస్తే 0.7 యూనిట్ అవుతుంది. ఒక్క బ్యాటరీ, 330 వాట్ల పలక ఒకటి చాలు. కార్తీకమాసపు ముసురులో పలక సరిగా ఇవ్వదు కనుక లైను కరెంటుతోనూ చార్జి అయ్యే ఇన్వర్టరు తీసుకోండి.

చాకీ పురుగుల సంగతి వేరు. వాటికి 27, 28 డిగ్రీల వేడి కావాలి. చలికాలంలో 1000 వాట్ల హీటరు పది గంటలు వేస్తే పది యూనిట్లు! పన్నెండు బ్యాటరీలు, అంటే ఐదేళ్లకొకసారి లక్షా 80 వేల రూపాయలు. గూళ్ల ధర ఎంత పలికినా ఇది గిట్టదు. దయచేసి ఎవరు చెప్పినా బ్యాటరీతో హీటరు నడపవద్దు.

వేడి కావాలంటే వేడినే దాచుకోవాలి. నూరు లీటర్ల నీళ్లు 60 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు చల్లారేటప్పుడు దాదాపు 2.9 యూనిట్ల వేడిని వదులుతాయి. అంటే మూడు సీసపు బ్యాటరీలకు సమానం. ఎండతో నీళ్లు కాచే సోలార్ హీటరు ఇంట్లో ఉన్నవారు సాయంత్రం ఆ నీటిని ఇనుప డ్రముల్లో పోసి, గట్టిగా మూతపెట్టి, చాకీ గదిలో తట్టలకు దూరంగా ఉంచవచ్చు. బాగా చలి రాత్రుల్లో ఇదొక్కటే చాలదు, లైను హీటరు కూడా కావాలి. అయినా అది నడిచే గంటలు తగ్గుతాయి. థర్మామీటరు చూస్తూ ఉండాలి.

మరొక్క మాట. బ్యాటరీని పెంపకం గదిలో పెట్టవద్దు. చార్జి అయ్యేటప్పుడు దాని నుంచి మండే వాయువు వస్తుంది. మనం రోగనివారణకు వాడే బ్లీచింగ్ పౌడరు ఆవిరికి దాని కొనలు తుప్పుపడతాయి. గాలి తగిలే వసారాలో ఎత్తుపీటపై ఉంచి, నెలకొకసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయండి. బోరు నీళ్లు పోయవద్దు. పాతబడిన బ్యాటరీని పారవేయక, కొత్తది కొనేటప్పుడు అంగడికే ఇవ్వండి, సీసానికి ధర తగ్గిస్తారు.