ఇంటి లెక్క, బడి లెక్క
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గొప్పతనాన్ని గురించి మేము ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. అది ఏటా వింటూనే వున్నాము. రాత్రి అన్నాలయ్యాక మన ఇళ్లలో జరిగే ఒక చిన్న గొడవను గురించి మాత్రం చెప్పదలచాము.

మా ఇంట్లో జరిగిందే. మూడో తరగతి చదివే అమ్మాయి నోటుబుక్కు తెచ్చింది. 100లోంచి 64 తీసివేయాలి. తను ఒక గీత గీసి, 64 నుంచి 70కి ఒక చిన్న గెంతు, 70 నుంచి 100కి ఒక పెద్ద గెంతు వేసింది. తీసివేతకు గెంతులేమిటని మాకు కోపం వచ్చింది. రబ్బరుతో అంతా చెరిపేశాము. "సున్నాలో నాలుగు పోదు. పక్కింట్లో అప్పు అడుగుదామంటే అక్కడా సున్నాయే. ఆ పైయింటికి పోయి ఒకటి తెస్తే ఇక్కడ పది. అందులో ఒకటి ఇటిస్తే అక్కడ తొమ్మిది. పదిలో నాలుగు పోతే ఆరు, తొమ్మిదిలో ఆరు పోతే మూడు" అని మా పద్ధతిలో రాయించాము. మర్నాడు బడిలో దాని మీద ఎర్రసిరా గీత పడింది, చెప్పిన పద్ధతిలో చేయలేదని. జవాబు ఒప్పే, లెక్క తప్పట! ఆ తర్వాత వారం రోజులు అమ్మాయి నోటుబుక్కు మాకు చూపించలేదు. ఎర్రసిరా కన్నా మమ్మల్ని బాధపెట్టింది అదే.

చిక్కు విప్పింది పిల్ల నానీ. ఆమె బడికి పోయింది తక్కువ. "ఇందులో కొత్తేముంది? కిరాణా కొట్టులో 64 రూపాయల సరుకు కొని వంద నోటిస్తే శెట్టిగారు ఏం చేస్తాడు? ముందు చిల్లర ఆరు చేతిలో పెట్టి డెబ్బయి అంటాడు. తర్వాత మూడు పది నోట్లు పెట్టి వంద అంటాడు. అంతేగా!" అంది. అంతే మరి. మేము చెరిపేసింది ఆవిడ రోజూ చేసే లెక్కనే.

మన అప్పు పద్ధతి త్వరగా అవుతుంది, కాని ఎందుకు అవుతుందో మనలో ఎందరం చెప్పగలం? "మా సారు అట్లా చెప్పారు" అంటాం. పిల్లల ఆలోచనకు గణితపు అలవాటు చేయడమే లెక్కల బోధనకు ముఖ్యమని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. గుణకారాన్ని గళ్లలో వేయించడమూ ఇందుకే. 23ని 14తో గుణించాలంటే 200, 80, 30, 12 నాలుగు గళ్లలో కనబడతాయి, కలిపితే 322. మన పద్ధతిలోనూ ఆ నాలుగూ వున్నాయి, దాక్కుని వున్నాయి. అయితే ఒక మాట. ఎక్కాలు రానివాడికి ఈ గళ్లూ నిండవు. ఎక్కాలు వద్దనేవారితో మేము ఏకీభవించము. ఒక్క లెక్కకు పేజీ అంతా అయిపోవడం కూడా మాకు నచ్చదు.

పద్ధతులు మారడం ఈనాటిదా? 952-53లో డమాస్కస్‌లో అల్ ఉఖ్లీదిసీ అనే పండితుడు, దుమ్ము పలక మీద రాస్తూ చెరుపుతూ చేసే హిందూ లెక్కలను, చెరిపే పని లేకుండా కాగితం, సిరాతో చేసేలా మార్చి పుస్తకం రాశాడు. అప్పుడూ ఇళ్లల్లో గొడవలయ్యే వుంటాయని మా ఊహ!

మనకు ఇంకో చిక్కుంది. తాతలు జమా, తఫ్రీఖ్ అంటారు. మేము కూడిక, తీసివేత అన్నాము. పిల్లలేమో ప్లస్, మైనస్ అంటారు. పిల్ల "రీగ్రూపింగ్" అంటే తండ్రి బెదిరిపోతాడు. అది మన అప్పు తేవడమే, పేరు మారిందంతే.

ఇప్పుడు మా ఇంట్లో రబ్బరు పక్కన పెట్టాము. "బేటా, ఎట్లా చేశావో మాకు చెప్పు" అంటాము. చెబుతూ చెబుతూ తన తప్పు తనే పట్టుకుంటుంది. ముందు బడి పద్ధతిలో చేయించి, తర్వాత మా పద్ధతిలో చేసి జవాబు సరిచూస్తాము. రెండూ కలవని రోజు సాధారణంగా తప్పు మాదే అవుతుంది, అప్పుడు పిల్ల సంతోషం చూడాలి! మాకూ అర్థంకానివి ఒక చీటీ మీద రాసుకుని పంతులమ్మగారిని అడుగుతున్నాము. మొదటిసారి సిగ్గేసింది. ఆవిడ నవ్వి, "మీ పద్ధతి కూడా క్లాసులో ఒకసారి చూపిస్తాను" అన్నారు.