శీలవిద్యలో తల్లిదండ్రుల పాలు
(పోర్టుబ్లెయిర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర అధ్యాపకులము గనుక శాసనంతోనే ఆరంభిస్తాము. రాజస్థాన్‌లోని బైరాట్‌లో దొరికిన శాసనంలో అశోకుడు భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు తరచుగా వినదగిన ఏడు ధర్మపాఠాలను పేర్కొన్నాడు. అందులో ఒకటి, అబద్ధాన్ని గురించి రాహులునికి చేసిన ఉపదేశం. బాలునికి చెప్పిన పాఠాన్ని చక్రవర్తి పెద్దలందరికీ నిర్దేశించాడన్నమాట.

అంబలట్ఠికలో బుద్ధుడు కాళ్లు కడుగుకొని, పాత్రలో కొద్దిపాటి నీరు మిగిల్చి రాహులునికి చూపాడు. తెలిసి అబద్ధమాడుటకు సిగ్గుపడనివాని శ్రమణత్వం అంత స్వల్పమన్నాడు. ఆపై ఆ నీటిని పారబోసి, పాత్రను బోర్లించి, వట్టి పాత్రను చూపాడు. పరిహాసానికైనా అబద్ధం కూడదన్నాడు. బెత్తం లేదు, కేక లేదు. పైగా ఆ గురువు ఆ బాలుని కన్నతండ్రి!

ఇక మన సంగతి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబాలలో తండ్రి వేటకు పోతాడు, తల్లి చేపల అమ్మకానికి పోతుంది. బడి నుండి కాగితం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తే చదివి చెప్పవలసినవాడు పిల్లవాడే. ‘మీ అబ్బాయి కొట్లాడాడు, వచ్చి కలవండి’ అన్న మాట ఇల్లు చేరేసరికి ‘రేపు సెలవు’ కావచ్చు. దోషం వానిదేనని తేల్చలేము. ఇంటికీ బడికీ నడుమ తొమ్మిదేండ్లవానిని దుబాసీగా నిలిపినది మనమే.

మా ఇంటి దోషమూ దాచము. బాకీ అడగవచ్చిన పెద్దమనిషికి ‘నాన్న ఇంట లేరు’ అని చెప్పమని మూడవ తరగతి చదివే మా అబ్బాయిని ఒకసారి గుమ్మంలోకి పంపాము. వాడు తడుముకోకుండా చెప్పివచ్చాడు. ఆ తడుముకోకపోవడమే మమ్ము భయపెట్టింది. మరునాడు వానిని వెంటబెట్టుకొని పోయి ఆయనకు నిజం చెప్పాము. పంచశీలలో నాలుగవదానిని ప్రతి వందనలోనూ పలుకుతున్నవారమే మరి!

సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులది తూర్పు దిక్కు, గురువులది దక్షిణ దిక్కు. చెడు నుండి వారించడం, మంచికి పురికొల్పడం తల్లిదండ్రుల విధులలో మొదటి రెండు. విద్య నేర్పించడం మూడవది. మనం మూడవదానికి ఫీజు కట్టి, మొదటి రెండింటినీ కూడ మాస్టారికే అప్పగిస్తున్నాము.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యులలో సగం స్త్రీలు కావాలి. ఆ కుర్చీలలో మన తల్లులు కూర్చోవాలి. పడవలు తిరిగివచ్చే వేళకు సమావేశం పెట్టమని, మాటలు తెలుగులోనూ చెప్పమని అడగాలి. దుబాసీలుగా మన సంఘంలోని చదువుకున్న యువతీయువకులు వెంట వస్తారు. వచ్చే ఆదివారం వందన ముగియగానే ఇక్కడే పేర్లు రాసుకుంటాము. చదువు రాదని ఏ తల్లీ వెనుకాడవద్దు.