అండగా నిలవడం, జవాబు అడగడం

(మా సంస్థ రాష్ట్ర సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉక్రెయిన్ గురించి మాట్లాడతానన్నప్పుడు మన సభ్యుల్లోనే కొందరు, ‘అది అమెరికాకూ రష్యాకూ మధ్య తగాదా, అందులో మనం ఎవరి పక్షాన నిలబడతాం?’ అన్నారు. నాటో విస్తరణను మనం విమర్శించాం, ఇప్పుడూ విమర్శిస్తున్నాం. అయితే కుటుంబ హింస విషయంలో పంచాయితీలు ఎలా నడుస్తాయో మీకు తెలుసు. కొట్టినవాడికి కోపం ఎందుకొచ్చిందో తేల్చడంలోనే పొద్దు గడిచిపోతుంది. దెబ్బలు తిన్నామె వంతు రాకుండానే పెద్దలు లేచిపోతారు. 2022 ఫిబ్రవరి 24న సరిహద్దు దాటి ఉక్రెయిన్ లోపలికి వెళ్లింది రష్యా సైన్యం. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

ఆ దేశపు స్త్రీవాదులు మనల్ని అడుగుతున్నదీ ఇదే. యుద్ధం మొదలైన కొద్ది వారాలకే వివిధ దేశాల స్త్రీవాదులు శాంతి కోరుతూ ఒక ప్రకటన చేశారు. 2022 జులైలో ఉక్రెయిన్ స్త్రీవాదులు ‘ప్రతిఘటించే హక్కు’ పేరుతో దానికి జవాబిచ్చారు. ఆక్రమించినవాళ్లనూ ఆక్రమణకు గురైనవాళ్లనూ ఒకే గాట కట్టడం శాంతివాదం కాదని వాళ్ల వాదన. రష్యాలో కూడా దాడి మొదలైన మర్నాడే స్త్రీవాదుల యుద్ధ వ్యతిరేక బృందం ఒకటి ఏర్పడింది. అంటే ఇది రెండు దేశాల స్త్రీల మధ్య తగాదా కానే కాదు.

మరి ప్రపంచం ఏం చేసింది? దాడి జరిగిన మర్నాడు భద్రతామండలి ముందుకొచ్చిన తీర్మానాన్ని రష్యా వీటో చేసింది. నేరారోపణ ఎదుర్కొంటున్నవాడి చేతిలోనే తీర్పు ఆపే అధికారం ఉంది! మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు దాడిని ఖండించాయి, 5 దేశాలు వ్యతిరేకించాయి, 35 దేశాలు ఎటూ ఓటు వెయ్యలేదు. ఆ 35లో మన దేశం ఒకటి. సైనిక చర్య ఆపమని మార్చి 16న అంతర్జాతీయ న్యాయస్థానం 13–2 ఆధిక్యతతో ఆదేశించింది. రష్యా ఆపలేదు.

ఇక అండ సంగతి. 1994లో బుడాపెస్టులో ఉక్రెయిన్ తన గడ్డ మీదున్న అణ్వాయుధాలను వదులుకోవడానికి ఒప్పుకుంది. దాని సరిహద్దులను గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్, రష్యా కాగితం మీద మాటిచ్చాయి. మాట తప్పినవాళ్లను ఏం చెయ్యాలో ఆ కాగితంలో లేదు. 2014లో క్రిమియా పోయింది. 2022 మార్చిలో యూరోపియన్ యూనియన్, 2001 నాటి తాత్కాలిక రక్షణ నిబంధనను మొదటిసారి అమల్లో పెట్టి 40 లక్షల మందికి పైగా ఆశ్రయమిచ్చింది. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలూ పిల్లలే. మంచి పనే. కానీ సిరియా, ఆఫ్ఘనిస్తాన్ స్త్రీలకు ఆ తలుపు అలా తెరుచుకోలేదు. పోలెండు చేరిన స్త్రీలలో అత్యాచారం వల్ల గర్భవతులైనవాళ్లకు అక్కడి గర్భస్రావ చట్టం ఎదురైంది. ప్రాసిక్యూటరు ధ్రువపత్రం ఇస్తే తప్ప వీలులేదంది. 2025 ఫిబ్రవరి 24న సర్వప్రతినిధి సభలో ఉక్రెయిన్ పెట్టిన తీర్మానానికి అమెరికా, రష్యాతో పాటే వ్యతిరేకంగా ఓటేసింది. ఏప్రిల్ చివర్లో ఆ దేశపు ఖనిజాల మీద ఒప్పందం చేసుకుంది. దయగా ఇచ్చిన అండ ఇచ్చినవాడి మనసు మారగానే పోతుంది. అందుకే అండతో పాటు జవాబుదారీతనం కావాలంటున్నాను.

2023 మార్చి 17న అంతర్జాతీయ నేర న్యాయస్థానం రష్యా అధ్యక్షుడు పుతిన్ మీదా, బాలల హక్కుల కమిషనర్ మరియా ల్వోవా-బెలోవా మీదా వారెంట్లు జారీ చేసింది. ఆక్రమిత ప్రాంతాల పిల్లలను చట్టవిరుద్ధంగా రష్యాకు తరలించారన్నది ఆరోపణ. అలాంటి పిల్లలు 19 వేల మందికి పైగా ఉన్నారని ఉక్రెయిన్ ప్రభుత్వం చెబుతోంది. 2024 సెప్టెంబరులో పుతిన్ ఆ న్యాయస్థానం సభ్యదేశమైన మంగోలియాకే వెళ్లాడు. ఎవరూ పట్టుకోలేదు. దురాక్రమణ నేరాన్ని విచారించడానికి ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టాలని 2025 జూన్ 25న ఉక్రెయిన్, యూరప్ మండలి ఒప్పందం చేసుకున్నాయి. పదవిలో ఉన్నంతకాలం దేశాధినేతను విచారణకు నిలబెట్టే వీలు దానికీ లేదు.

ఇన్ని అడ్డంకులుంటే కోర్టులెందుకని అడగవచ్చు. వాకపల్లిని గుర్తుచేసుకోండి. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలో 11 మంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేస్తూనే, దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. అప్పటికి దాదాపు పదహారేళ్లు గడిచాయి. సాక్ష్యం సకాలంలో సేకరించకపోతే ఏమవుతుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉక్రెయిన్‌లో 2014 తర్వాత నిర్బంధంలో లైంగిక హింసకు గురైన స్త్రీలు 2019లోనే సేమా ఉక్రెయిన్ పేరుతో కూడగట్టుకున్నారు. 2022 తర్వాత బాధితుల దగ్గరికి ముందుగా వెళ్లగలిగినవాళ్లలో వాళ్లున్నారు. లైంగిక హింసకు గురైనవాళ్లకు యుద్ధం ముగిసేదాకా ఆగకుండా తక్షణ పరిహారం ఇచ్చేందుకు 2024 నవంబరులో ఆ దేశ పార్లమెంటు చట్టం చేసింది. శిక్ష ఎప్పుడు పడినా, వైద్యం, బతుకుతెరువు ఇవాళే కావాలన్నది మన ఉద్యమాల డిమాండు కూడా.

అండ పొందుతున్న రాజ్యాన్ని కూడా ప్రశ్నించాలి. నేర న్యాయస్థానంలో 2025 జనవరి 1న సభ్యురాలైన ఉక్రెయిన్, తన పౌరుల మీద వచ్చే యుద్ధ నేరాల ఆరోపణలకు ఏడేళ్లపాటు మినహాయింపు కోరింది. బాధిత దేశమైనా ఇది సరికాదు. స్త్రీలపై హింసను అరికట్టే ఇస్తాంబుల్ ఒప్పందం మీద 2011లోనే సంతకం పెట్టి, 2022 జూన్‌లో గానీ ఆమోదించలేదు. ఆ పదకొండేళ్లూ అక్కడి స్త్రీలు తమ ప్రభుత్వంతో పోరాడుతూనే ఉన్నారు. యుద్ధంలోనూ ఆ పోరాటం మానలేదు.

కొలబద్ద అందరికీ ఒకటే ఉండాలి. 2003లో ఇరాక్ మీద దండెత్తినవాళ్లను ఏ ట్రిబ్యునల్ ముందూ నిలబెట్టలేదు. పుతిన్ మీద వారెంటును మెచ్చుకున్న ప్రభుత్వాల్లో కొన్ని, 2024 నవంబరులో గాజా విషయమై నెతన్యాహు మీద వారెంటు రాగానే నీళ్లు నమిలాయి. ఈ ద్వంద్వనీతిని ఎండగట్టాల్సిందే. అయితే ఇరాక్‌కు న్యాయం జరగలేదు కాబట్టి ఉక్రెయిన్‌కూ అక్కర్లేదనే తర్కం ఏ స్త్రీకీ మేలు చెయ్యదు.

మనకేం సంబంధమని ఇంకా అనిపిస్తే ఒక్క విషయం. ఏజెంట్ల మాటలు నమ్మి, సహాయకుల ఉద్యోగాలని వెళ్లిన మన యువకులను రష్యా సైన్యంలోకి దించారు. 2024లో హైదరాబాదు యువకుడొకరు ఆ యుద్ధంలో చనిపోయాడు. కాబట్టి ఈ సదస్సు మూడు తీర్మానాలు చెయ్యాలని ప్రతిపాదిస్తున్నాను. దురాక్రమణను పేరు పెట్టి ఖండించాలి. ఐక్యరాజ్యసమితిలో ఎటూ ఓటు వెయ్యకపోవడానికి కారణం చెప్పమని మన పార్లమెంటు సభ్యులకు లేఖలు రాయాలి. మన యువకులను యుద్ధానికి పంపిన ఏజెంట్ల మీద కేసులు ఏ దశలో ఉన్నాయో ప్రభుత్వాన్ని అడగాలి. చర్చ మీది.