సూరతులో తెలుగువారి పెరటితోట



తెలుగువారికిని గుర్జరులకును మాసముల పేర్లు ఒక్కటియే. ఇరువురికిని అమావాస్యతోనే నెల ముగియును. కాని వానల నడక ఒక్కటి కాదు. కోస్తా జిల్లాలలో నైరృతి ఋతుపవనము వెనుదిరిగిన పిదప, ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్య ఋతుపవనమును వాయుగుండములును మరల వర్షము నొసగును. సూరతునకు ఆ రెండవ వాన లేదు. సంవత్సరమునకు సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షము దాదాపుగా జూన్ నుండి సెప్టెంబరు వఱకే కురియును. పుట్టినూరి అలవాటున ఆశ్వయుజమున విత్తి వానకై ఎదురుచూచువారి మడి ఎండిపోవును.

ఇచట తొలకరి తఱచుగా మృగశిర కార్తె దాటి, ఆర్ద్ర సమీపించిన పిదప వచ్చును. అప్పుడు గోంగూర, బెండ, బీర, చిక్కుడు విత్తవలెను. నల్లరేగడి నేల నీటిని పట్టియుంచును గనుక, శ్రావణ భాద్రపదములలో వేళ్లు కుళ్లకుండ మళ్లను ఎత్తుచేసి కాలువ తీయుట అవసరము. అక్టోబరులో ఎండ మరల తీవ్రమగును. ఆశ్వయుజమున వంగ, టమాట నారు నీడను పెంచి, కార్తికమున నాటవలెను. మెంతి, కొత్తిమీరలకును అదియే అదను. నీరు మాత్రము చేతితో పోయవలసినదే. తొలకరి చిక్కుడు ఈ శీతకాలముననే కాపునకు వచ్చును. సంక్రాంతి నాటి ఊంధియునకు సూరతీ పాప్డీ యను చిక్కుడే ప్రాణము. మాఘాంతమున వేసవికై సొర, దోస పెట్టవచ్చును.

అడాజణ్, రాందేర్ శివార్లవారు తాపీనదిని మఱువరాదు. 2006 ఆగస్టులో ఉకాయీ జలాశయము నుండి విడిచిన నీటితో నగరములో అధికభాగము మునిగెను. స్వగ్రామమునుండి తెచ్చుకొన్న విత్తనముల మూటను వర్షకాలమున మేడపై నుంచుట మేలు.

పంచాంగము పుట్టినూరిదైనను, విత్తువేళ ఉన్న ఊరిది కావలెను.