వసంతమున వనయాత్ర – గృహస్థుని విధి



ఉగాది వెళ్లినది. పగటి యెండ ముదిరినను ఉదయ సాయంకాలములు ఇంకను హాయిగానే ఉన్నవి. పిల్లల పరీక్షలు ముగియుచున్నవి. మన జహీరాబాదులో ఏ యింట చూచినను ఈ దినములలో ఒకటే మాట: ఎక్కడికి పోవుదము? కొందరు ఝరాసంగమునకు, కొందరు బీదరునకు, కొందరు హైదరాబాదులోని తోటలకు ప్రయాణము కట్టుచున్నారు. నిన్న సభానంతరము ఒక గృహస్థు మా వద్దకు వచ్చి యిట్లడిగెను. ఆయన తల్లిగారు వృద్ధురాలు. ఆమెకు తిరునాళ్లు, తోటలు చూడవలెనని కోరిక. ఇంటి పెద్దలలో ఒకరు మాత్రము “జపము మాని ఈ వయస్సున తోటలేమిటి, ఇది వ్యర్థకాలక్షేపము” అని అడ్డుపడుచున్నారట. శాస్త్రమేమని చెప్పుచున్నదని ఆయన ప్రశ్న. ఒక్క మాటలో చెప్పి పంపదగిన ప్రశ్న కాదని, నేటి ప్రసంగమున చెప్పెదమని మాట యిచ్చితిమి.

వసంతమును శాస్త్రము ఎంత గౌరవించినదో ముందు చూడుడు. యజుర్వేదము వసంతమాసములు రెండింటికి మధువు, మాధవము అని తీయని పేర్లు పెట్టినది. బ్రాహ్మణ వటువునకు ఉపనయనకాలము వసంతము. అగ్న్యాధానమునకు కాలము వసంతము. గీతాచార్యుడు ఋతువులలో తన విభూతిగా ఎంచుకొన్నది పువ్వుల ఋతువునే. వేదాధ్యయనము మొదలగు కాలమును, అగ్ని యింటికి వచ్చు కాలమును వ్యర్థకాలమని యెట్లనగలము?

ఇక వనము మాట. సప్తసంతానములని మన పెద్దలు చెప్పిన వానిలో పుత్రుడు, తటాకము, దేవాలయము, కృతి, నిక్షేపము, అగ్రహారము వీనితో సమానముగ వనము కూర్చుండియున్నది. ఇష్టాపూర్తములలో పూర్తమనగా బావులు, చెరువులు, దేవాలయములు, అన్నదానము, ఆరామములు. తోట నాటుట పుణ్యమైనప్పుడు, నాటిన తోటను ఎవరును చూడరాదని శాస్త్రము చెప్పునా? నాటినవాడు ఎవరి కొరకు నాటెను? వచ్చి నీడన కూర్చుండువాని కొరకే గదా. కావున పోవుటలో దోషము లేదు. అయితే ఎట్లు పోవలెను, పోయి ఏమి చేయవలెను అనునది వేరు ప్రశ్న. మన పెద్దలు శ్రద్ధ చూపినది ఆ రెండవ ప్రశ్న మీదనే.

దమనోత్సవమను పేరు మీలో ఎందరు విన్నారో తెలియదు. దమనకమనగా మనము దవనమని పిలుచు సుగంధపు మొక్క. పూలమాలలలో మల్లెల నడుమ బూడిదపచ్చని రెమ్మలు పెట్టుదురే, అదియే. శీతకాలపు ఆరంభమున విత్తనము చల్లిన దవనము మాఘ ఫాల్గుణములకు కోతకు వచ్చును. చైత్రశుద్ధమున దానిని దేవునకు సమర్పించవలెనని నిర్ణయసింధువు, ధర్మసింధువు మొదలగు గ్రంథములు విధించినవి. విష్ణువునకు ద్వాదశి, శివునకు చతుర్దశి, తక్కిన దేవతలకు వారి వారి తిథులు. ఇందులో మేము మీ దృష్టికి తేదలచినది ఒక్క విషయము. గృహస్థు ముందునాడే దవనమున్న చోటికి పోవలెను. దానికి నీరు చల్లి, గంధపుష్పాక్షతలతో పూజించి, స్వామిసేవకు రమ్మని ప్రార్థించవలెను. ఆ పిమ్మట మరునాడు స్వామికి సమర్పణ. చూడుడు, వసంతమున మనుష్యుని తోటకు పంపినది శాస్త్రమే. కాని కోసి తెచ్చుకొనుటకు ముందుగ ఆహ్వానించి రమ్మన్నది. పెండ్లికి పిలువబోయినట్లు పోవలెను. సంతకు పోయినట్లు కాదు.

ఇది పూర్వుల భావుకత అని కొట్టివేయువారుందురు. కాళిదాసు శకుంతలను చూడుడు. అలంకారమునందు ప్రీతియున్నను ఆ బాలిక చిగురు తెంపదు. చెట్లకు నీరు పోయక తాను నీరు త్రాగదు. కవి కల్పనయే కావచ్చును. కాని ఆ కాలమున చదివినవారు అది నమ్మదగిన స్వభావమని ఒప్పుకొనియుందురు గదా.

మా పాఠశాల దినములలో అష్టమి, చతుర్దశి, పర్వము, పాడ్యమి అనధ్యయన దినములు. సంత చెప్పుట ఉండదు. గురువుగారు మమ్ములను సమిధలకై పొలములకు పంపెడివారు. జిల్లేడు, మోదుగ, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ – నవగ్రహముల సమిధలు తొమ్మిదియు ఒక్క పూట నడకలో కనబడిననే ఆనాటి వనయాత్ర సఫలము. మాకు వృక్షశాస్త్రము వచ్చినది ఆ నడకలలోనే. ఫాల్గుణమున ఆకు రాలిన మోదుగ నిలువెల్ల ఎఱ్ఱని పూలతో నిలిచి కనబడెడిది. ఆ మోదుగయే పలాశము. వటువు చేతి దండము పలాశము; యజ్ఞమున జుహువను స్రుక్కు పలాశము; మనము భుజించు విస్తరి పలాశము. హోళినాడు తెలంగాణ పల్లెలలో ఆ పూలనే ఉడికించి వసంతము చల్లుకొనెడివారు. ఇప్పుడు పొట్లములలో వచ్చు రంగులతో పిల్లల కన్నులు మండుచున్నవి గాని, మోదుగ యెట్లుండునో చాలమంది పిల్లలకు తెలియదు. గురువుగారు రాలిన పుల్లలు చాలినచో పచ్చికొమ్మ ముట్టనిచ్చెడివారు కారు. అమావాస్యనాడైతే అసలు పంపెడివారే కారు. ఆనాడు చంద్రుడు ఓషధులలో నివసించుననియు, ఆకు త్రుంచుటయు మహాపాపమనియు విష్ణుపురాణము చెప్పుచున్నది.

ఇక మన తిరునాళ్ల మాట. ఝరాసంగము మీకు కొత్త కాదు. కేతకీ సంగమేశ్వరస్వామి సన్నిధి. శివుని ఆద్యంతములు వెదకిన కథలో కేతకి అబద్ధపు సాక్ష్యము చెప్పి శాపము పొందినది. కావున శివపూజకు ఆ పువ్వు పనికిరాదని లోకమున వాడుక. అట్టి మొగలిపువ్వుతో శివుని అర్చించు స్థలము మన యింటి ముంగిట ఉన్నది. తప్పు చేసినవారికి కూడ ఒక చోటున స్థానము కలదని దీని యర్థముగ మేము భావింతుము. కుపేంద్రుడను రాజు చర్మవ్యాధితో వేటకు వచ్చి, ఇచ్చటి ఊటనీట మునిగి స్వస్థుడై ఆలయము కట్టించెనని స్థలపురాణము. మొగలి పూయునది వర్షాకాలమున. శివరాత్రి జాతరకు వచ్చువారు పొదలు చూతురు గాని పువ్వుల నిండుదనము చూడజాలరు. అయినను ఇటు కర్ణాటకము నుండి, అటు మహారాష్ట్రము నుండి జనము వత్తురు. ఎందులకు? ఆ గుండపు నీటి కొరకు.

ఆ నీటిని గూర్చియే మేము కొంచెము నిలిచి చెప్పవలెను. యాజ్ఞవల్క్యస్మృతిలో ఒక నియమమున్నది. ఇతరులు త్రవ్వించిన చెరువులో, గుండములో స్నానము చేయువాడు ముందుగ అయిదు ముద్దల మట్టి అందునుండి తీసి గట్టున వేసి, ఆ పిమ్మట మునుగవలెను. అట్లు చేయనివాడు త్రవ్వించినవాని పాపములో భాగము పొందునని మనువు హెచ్చరించెను. దీనిలోని లెక్క గమనింపుడు. ఒక జాతరకు పదివేలమంది వచ్చిరనుకొనుడు. అయిదు ముద్దల చొప్పున ఏబదివేల ముద్దల మట్టి. పూడిక తీయుటకు ప్రభుత్వము గుత్తేదారును వెదకనక్కరలేదు. యాత్రికుడు వచ్చిన కొలది చెరువు లోతగును. మన పూర్వులు ఉత్సవమును నిర్మించిన తీరు ఇది. ఎంత జనము వచ్చిన అంత మేలు జరుగవలెను. నేడు ఎంత జనము వచ్చిన అంత చెడుచున్నది. సబ్బుకాగితము, నూనెపొట్లము, విడిచిన బట్ట, ప్లాస్టిక్ సంచి – తీయవలసిన అయిదింటికి బదులు వేయునవి అయిదు.

ఇచ్చట పండితులొకరు లేచి ఆక్షేపింపవచ్చును. ఆ స్మృతియే నదులకు, దేవఖాతములకు, సెలయేళ్లకు ఈ నియమము లేదన్నదనియు, ఝరాసంగమము ఝరయే గదా యనియు. ఆక్షేపణ శాస్త్రీయమే. నీరు దేవునిది, ఒప్పుకొంటిమి. మెట్లు కట్టినది మనుష్యులు. మెట్ల మీద పడవేసిన సంచిని తీయుటకు అది దేవఖాతమా కాదా యని మీమాంస చేయనక్కరలేదు.

2016లో సంగారెడ్డి జిల్లా యేర్పడు వరకు మనమును మెదకు జిల్లావారమే. ఆ మెదకు ప్రాంతమున, మంజీర ఏడు పాయలుగ చీలిన చోట వనదుర్గామాత ఉన్నది. శివరాత్రికి మూడు దినముల జాతర. అలంకరించిన బండ్లు తిరుగును, రథము కదలును. వర్షాకాలమున సింగూరు నీరు వదలినచో అమ్మవారి గుడి వాకిలి నీట మునుగును. అమ్మ పేరే వనదుర్గ. వనము పోయిన తరువాత ఆ పేరునకు అర్థమేమని పిల్లలడిగినచో చెప్పుట కష్టము.

మన వైపు మరియొక జాతర ఉన్నది. దానిని జాతరగ లెక్కించుటకు కొందరు సంకోచింతురు. అందు దేవుని ఊరేగింపు లేదట. పస్తాపురములోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి ఆధ్వర్యమున రెండు దశాబ్దములకు పైగ నడచుచున్న పాతపంటల జాతర. సంక్రాంతికి ఎడ్లబండ్లు బయలుదేరును. బండ్లలో జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది, అనుములు మొదలగు పాతకాలపు విత్తనములు కుండలలో, బుట్టలలో ఉండును. ఊరూర నిలిచి, ఇంచుమించు నెలదినములు తిరిగి, వసంతము తొంగిచూచు వేళకు మాచునూరు చేరును. ఈ విత్తనములను బూడిదతో, వేపాకుతో కలిపి బుట్టలలో దాచి కాపాడినవారు పొలము పని చేయు స్త్రీలు. అందు పలువురు అక్షరము రానివారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చినది. దేవుడు లేడన్నవారికి మా సమాధానము: అన్నము బ్రహ్మమని చదువుకొన్న మనము, విత్తనమును ఊరేగించు బండికి ఎదురేగి నమస్కరించుటలో లోపమేమి? శివరాత్రికి ఝరాసంగము పోయినట్లే, మాఘమున ఆ బండ్లు మీ యూరు వచ్చిననాడు పిల్లలను వెంట నిడుకొని పొండు. సామ యేదో కొఱ్ఱ యేదో చేతితో తాకి తెలిసికొందురు.

పట్టణపు తోటలను, ప్రదర్శనలను మేము తక్కువ చేయుట లేదు. హైదరాబాదు నుమాయిష్ 1938లో మొదలైనది పబ్లిక్ గార్డెన్సు అను తోటలోనే; 1946లో నేటి నాంపల్లి మైదానమునకు మారినది. జనవరి 1 మొదలు ఫిబ్రవరి 15 వరకు జనము క్రిక్కిరిసియుందురు. అంగడి తోటలో పుట్టినను, పెరిగిన పిదప తోట చాలలేదు. జాతరలో పేలాలు, బతాసలు, గాజులు, పిల్లలకు పీకలు కొనుట మనకు కొత్తయా? కొనుటలో దోషము లేదు. కొనుటయే యాత్ర యైనప్పుడు ఇంటికి తిరిగి వచ్చిన పిల్లవానిని ఏమి చూచితివని అడిగినచో ఏమి తింటినో చెప్పును. వానిని తప్పుపట్టకుడు. వాని వెంట పోయిన పెద్దలు చెట్టు పేరు ఒక్కటైనను చెప్పియుండరు.

ఇంకొక మాట. మన ఝరాసంగము, న్యాలకల్లు మండలములలో పరిశ్రమల మండలమునకై వేలాది యెకరములు నిర్ణయింపబడిన సంగతి మీరెఱుగుదురు. 2016లో కేంద్రపు అనుమతియు వచ్చినది. పరిశ్రమలు వలదని మేమనము. బిడ్డలకు జీవనోపాధి కావలెను. కాని పొలముల మధ్యనున్న మఱ్ఱులు, మేడులు, మోదుగలు ఎవరి పట్టాలోను వ్రాయబడియుండవు. అవి పోయినప్పుడు పరిహారము అడుగువారు కూడ ఉండరు. వాని నీడన ఒక్కనాడైనను కూర్చుండి సద్ది తిన్నవారే వానిని గూర్చి మాటాడగలరు. ఇల్లు కదలని భక్తుడు మాటాడలేడు. అందుచేతనే తోటకు పోవుట వ్యర్థకాలక్షేపమన్న పెద్దలతో మేము ఏకీభవించుట లేదు.

ఆ గృహస్థునకు ఇప్పుడు నేరుగ చెప్పుచున్నాము. నాయనా, అమ్మగారిని తప్పక తీసికొనిపొమ్ము. ఎండ పొద్దెక్కక ముందే, తెల్లవారుజామున బయలుదేరుము. జపము ఆమె ఎక్కడనైనను చేసికొనగలదు; రావిచెట్టు క్రింద చేసిన జపమునకు మీ అన్నగారు ఆక్షేపణ చెప్పలేరు. త్రోవలో కనబడు చెట్ల పేర్లు ఆమెను అడిగి పిల్లలకు చెప్పింపుము. నీకంటె, మాకంటె ఆమెకు ఎక్కువ పేర్లు తెలిసియుండును. భోజనమునకు మోదుగ విస్తళ్లు తీసికొని పొండు. గుండము వద్ద దిగునప్పుడు అయిదు మాట మరువకుము. మట్టి అందకపోయినచో మెట్ల మీదనున్న అయిదు సంచులు తీసినను చాలును. రానున్న చైత్రశుద్ధ చతుర్దశినాడు స్వామికి దవనము సమర్పించదలచువారు త్రయోదశినాడే ఆ మొక్కకు నీరుపోసి పిలిచి రావలెను. పెరటిలో దవనము లేనివారు పూలకొట్టులో కొన్న కట్టనైనను ఆ రాత్రి నీరు చల్లి దేవుని ముందుంచి పూజించి, మరునాడు సమర్పించవచ్చును.

స్వస్తి.