తలకు తగిన టోపీ
(రేడియో ప్రసంగము)



మన భాషలో తలపాగాకున్న గౌరవము టోపీకి లేదు. తలపాగా చుట్టినవాడు పెద్దమనిషి. ఎవడైనను మనలను మోసగించినయెడల మాత్రము "వాడు నాకు టోపీ వేసినాడు" అందుము. ఇట్టి భాషలో పుట్టి పెరిగిన నేను ఒక టోపీల దుకాణమును పొగడుటకు పూనుకొనుట సాహసమే. అయినను నేను చెప్పబోవు దుకాణమువారు దాదాపు 350 సంవత్సరములుగా జనులకు టోపీలు వేయుచునే యున్నారు. వేయించుకొన్నవారు కోపగింపక మరల అదే గుమ్మము తొక్కుచున్నారు. ఇందలి కిటుకేమో విచారించి మీకు మనవిచేయుట నా యుద్దేశము.

లండను నగరమున సెయింటు జేమ్సు వీధి యని యొకటి కలదు. అది సెయింటు జేమ్సు రాజభవనపు వాకిటికి చేరును. 1676లో రాబర్టు డేవిసు అనునాతడు ఆ వీధిలో టోపీల వ్యాపార మారంభించెను. లండను నగరమును దహించిన మహాగ్ని చల్లారి అప్పటికి పదియేండ్లు. మనవైపున గోలకొండను తానీషా యేలుచుండెను. ఆ మరుసటియేడే శివాజీ మహారాజు గోలకొండకు వచ్చెను. 1687లో గోలకొండ రాజ్యము మొగలాయీల వశమై యంతరించెను. దానిని గెలిచిన మొగలాయీలును పోయిరి. ఆ పిమ్మట వచ్చిన కుంఫిణీవారును పోయిరి. ఆ టోపీల దుకాణము మాత్రము నేటికిని తలుపులు తెరచియే యున్నది.

డేవిసు కుమారుడగు ఛార్లెసు 1747లో జేమ్సు లాకు అను కుర్రవానిని పని నేర్చుకొనుటకు చేర్చుకొనెను. ఆ కుర్రవాడు పని నేర్చెను. యజమాని మనసు నెరిగెను. 1759లో యజమాని కుమార్తెయగు మేరీని వివాహమాడెను. మామగారి పిమ్మట దుకాణము అతనిదయ్యెను. మనము ఇల్లరికపుటల్లుని గూర్చి పరిహాసములాడుదుము గాని, ఈ యల్లుని మూలముననే ఆ దుకాణము నిలిచి, "లాకు కంపెనీ" అను పేరు వహించినది. 1765లో వారు అదే వీధిలో 6వ నంబరు ఇంటికి మారిరి. నాటినుండి అదే యిల్లు.

నేను ఆ వాకిట నిలిచి చూచితిని. ప్రక్కనున్న పెద్ద మేడల నడుమ అది యిరుకైన యిల్లు. లోనికి పిలుచు ఆర్భాట మేమియు లేదు. అద్దపు కిటికీలో కొన్ని టోపీలు, అంతే. మన పాత బజారులలో తాతలనాటి పసారి కొట్టు ఎట్లుండునో, మర్యాదలో అదియు నట్లే యున్నది. వచ్చినవానికి సరకు చూపుటకంటె ముందు వానికేమి కావలెనో అడుగుట అక్కడి వాడుక.

ఇక పనిని గూర్చి చెప్పెదను. టోపీ పనికి మొదలు కొలత. మనమందరము తల గుండ్రనిదనుకొందుము. టోపీలవాడు అట్లనుకొనడు. ఒకని తల ముందునుండి వెనుకకు కోల; మరియొకనికి చెవులపైన ఉబ్బు; ఇంకొకనికి ఒకప్రక్క నొక్కు. చుట్టుకొలత ఒకటే యైనను ఇద్దరి తలలు ఒకటి కావు. మెత్తని టోపీ తలకు లొంగును; గట్టి టోపీ లొంగదు. తలకు కుదురని గట్టి టోపీ నుదుటిని నొక్కును, లేదా గాలికి ఎగిరిపోవును.

ఇందుకై 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున ఒక చిత్రమైన యంత్రమును కల్పించిరి. అది చూచుటకు ఎత్తైన టోపీవలెనే యుండును. దాని చుట్టును ముందువెనుకలకు కదలెడి సన్నని పలకలుండును. తలపై నుంచగానే తల యెచ్చట ఉబ్బియున్న నచ్చట పలకలు వెలుపలికి జరుగును. వాటితోపాటు పైనున్న సూదులు జరిగి, మూతలో నుంచిన కాగితముమీద తల యాకృతిని చిన్నదిగా చేసి పొడుచును. పనివాడు ఆ కాగితమును బట్టి తల ఆకారపు అచ్చును సరిచేసి, టోపీని వేడిచేసి మెత్తబరచి, ఆ అచ్చునకు పట్టించును. ఆ కాగితములను చూచినవాడు తన తల చక్కని గుండ్రమని మరల గర్వింపడు. లాకు దుకాణములో నేటికిని ఈ యంత్రముతో కొలతలు తీయుదురు; పూర్వపు ప్రముఖుల తలల కాగితములను దాచియుంచిరి.

లెక్కల పుస్తకములను గూడ వారట్లే దాచిరి. ఇంగ్లండు నౌకాసేనాని నెల్సను 1794లో కార్సికా ద్వీపమున జరిగిన పోరులో కుడికంటి చూపు పోగొట్టుకొనెను. అతడు ఈ దుకాణమునకు వచ్చి టోపీలు చేయించుకొనెడివాడు. అతని తల కొలత 7 అంగుళములమీద ఎనిమిదవవంతు, మన పాత లెక్కలో చెప్పవలెనన్న ఏడుమీద పరక, అని పుస్తకమున వ్రాసియున్నది. కన్నులకు ఎండ తగులకుండ టోపీకే ఒక నీడరేకును అమర్చి యిచ్చిరి. 1805లో ట్రఫాల్గరు యుద్ధమున అతడు మరణించెను. అతడెంత గొప్పవాడన్న విషయమున ఇంగ్లీషువారి అభిప్రాయము వారిది. నాకు నచ్చినది మాత్రము టోపీలవాని ఆలోచన. వచ్చినవాడు కొనినది టోపీ. అతని అవసరము కంటికి నీడ. పనివాడు ఆ యవసరమును కనిపెట్టెను.

మరియొక సంగతి. 1849లో ఎడ్వర్డు కోకు అను గృహస్థు వారికొక చిక్కు తెచ్చిపెట్టెను. నార్ఫోకులో అతని వంశమువారి జమీనున్నది. అచ్చటి అడవి కావలివాండ్రు ఎత్తైన టోపీలు ధరించి గుఱ్ఱములపై తిరుగునపుడు, చెట్లకొమ్మలు తగిలి టోపీలు క్రిందపడుచుండెను. పొట్టిదియు, గుండ్రనిదియు, గట్టిదియునగు టోపీ కావలెనని ఆయన కోరెను. లాకు వారు ఆ పనిని థేమ్సు నదికి ఆవలి యొడ్డున సదర్కులో పనిచేయు బౌలరు సోదరుల కప్పగించిరి. టోపీ సిద్ధమైనపుడు కోకుగారు దానిని నేలపై పెట్టి బూటుకాలితో గట్టిగా త్రొక్కిచూచెననియు, అది అణగకపోవుటచే సంతసించి పండ్రెండు షిల్లింగులిచ్చి తీసికొని పోయెననియు చెప్పుదురు. లోకము దానికి చేసినవారి పేర బౌలరు టోపీ యని పేరు పెట్టినది; లాకు దుకాణమున మాత్రము అడిగినవాని పేర కోకు టోపీ యందురు. చార్లీ చాప్లిను మూగ సినిమాలలో ధరించిన చిన్న నల్ల టోపీ ఈ జాతిదే. పనివాండ్రకై పుట్టిన టోపీ పిమ్మట బ్యాంకుల దొరల తలలకెక్కినది.

ఆ టోపీ బూటు త్రొక్కునకు నిలిచినదన్న అందుకు కారణము మనవారికి పరాయిది కాదు. టోపీ గుడ్డకు ఫెల్టు అని పేరు. మన గొల్లలు గొంగళిని నేయుదురు గాని ఫెల్టు నేసినది కాదు. కుందేలు బొచ్చో, ఉత్తర అమెరికా నదులలో నుండు బీవరు అను జంతువు బొచ్చో తీసి, వేడినీటితో తడిపి, ఒత్తి, పిసికినకొలది ఆ వెండ్రుకలు ఒకదాని నొకటి పట్టుకొని దట్టమైన గుడ్డయగును. యంత్రములు రాకమునుపు ఆ బొచ్చును విడదీసి పరచుటకు పనివాడు ఒక పెద్ద వింటినారిని మీటుచుండెడివాడు. మన దూదేకులవాడు దూదిని ఏకుట ఎట్లో అదియు నట్లే. సముద్రముల కావలనున్న ఇద్దరు పనివాండ్రు ఒకరి నొకరు చూడకయే ఒకే పనిముట్టును పట్టిరి. ఫెల్టు గట్టిపడుటకు దానికి లక్కను పట్టింతురు. లక్క మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై పురుగు పెట్టునది; తరతరములుగా దానికి మన దేశమే ప్రధానస్థానము. మన గాజులకును, ఏటికొప్పాక బొమ్మలకును మెరుగునిచ్చు లక్కయే దొరల టోపీకి గట్టిదనము నిచ్చినది. మనదేశములో తెల్లదొరలు ధరించిన సోలా టోపీ సంగతి చెప్పనక్కరలేదు. అది మన చెరువులలో మొలచు జీలుగుబెండుతో చేసినదే.

పొగడునపుడు చేదును దాచరాదు గాన ఇంకొక మాట చెప్పవలసియున్నది. బొచ్చు బాగుగ పట్టుకొనుటకు పూర్వము పాదరసము కలిసిన ద్రావకమును పూయుచుండిరి. అది బొచ్చుకు నారింజ ఛాయ నిచ్చును. తరువాత వేడి తగిలినపుడు పాదరసపు ఆవిరి లేచును. గాలి చొరని కొట్లలో దినమెల్ల ఆ యావిరిని పీల్చిన పనివాండ్రకు చేతులు వణకెడివి, పండ్లు ఊడెడివి, మనసు చెదరెడిది. చక్కని అక్షరములు వ్రాయగలవాడు సంతకము చేయలేకపోయెడివాడు. టోపీలవానివలె వెఱ్ఱివాడని ఇంగ్లీషువారిలో నొక నానుడి కలదు. ఆ నానుడి పుట్టుకను గూర్చి వేరువేరు అభిప్రాయములున్నను, పనివాండ్ర బాధ మాత్రము నిజము. అమెరికాలో 1941లో గాని ఈ పద్ధతి మానిపింపబడలేదు. దుకాణపు గుమ్మములో వెలుగు చూచి మెచ్చువారు, వెనుక కొట్టులో వణకిన చేతులను గూడ తలంపవలెను. పనితనమును గౌరవించుట యనగా పనివాని ప్రాణమును గౌరవించుట. అది లేని మెప్పు సగము మెప్పు.

నేటి స్థితి యేమందురా? రెండవ ప్రపంచయుద్ధము తరువాత పాశ్చాత్యులు నిత్యము టోపీ ధరించు అలవాటును క్రమముగా విడిచిరి. మోటారుబండిలో కూర్చుండువానికి ఎత్తుటోపీ అడ్డము. ఎన్నో దుకాణములు మూతబడెను. లాకు దుకాణము నిలిచినది గాని, దాని చేతిలో లేని సంగతి యొకటి జరిగినది. గుఱ్ఱపుపందెములకును పెండ్లిండ్లకును పెద్దమనుష్యులు ధరించు నిగనిగలాడెడి పట్టు టోపీకి ఒక ప్రత్యేకమైన పట్టుగుడ్డ కావలెను. దానిని ఫ్రాన్సులో నేయుచుండిరి. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ నేత నిలిచిపోయినది. మగ్గములును పోయినవి, నేర్పును పోయినది. నేడు అట్టి టోపీ కావలెనన్న, తాతలనాటి టోపీని వెదకి తెచ్చి, శుభ్రపరచి, బాగుచేసి, కొత్త తలకు అమర్చవలసినదే. కుబేరుడు వచ్చినను కొత్త గుడ్డను కొనలేడు.

ఇదియే నేను మీకు ముఖ్యముగా చెప్పదలచినది. ఒక మంచి దుకాణమన్న ఒక్కని గొప్ప కాదు. అది చేతులు చేతులు పట్టుకొని నిలిచిన వరుస. బొచ్చు తెచ్చువాడు, లక్క తీయువాడు, గుడ్డ నేయువాడు, దిమ్మ చెక్కువాడు, కొలత తీయువాడు, పని నేర్చుకొను కుర్రవాడు, మంచిచెడ్డ లెరిగి ధర చెల్లించువాడు, వీరందరును ఆ వరుసలోనివారే. ఒక చేయి విడిచినచో ఆ పని యంతటితో నిలిచిపోవును. మరల కావలెనని డబ్బు కుమ్మరించినను రాదు.

మన యూళ్లలో ఇట్టి వరుసలు ఎన్ని లేవు? అంకుడు కఱ్ఱ లేనిచో ఏటికొప్పాక బొమ్మ లేదు. పొనికి చెట్టు లేనిచో కొండపల్లి బొమ్మ లేదు. మీ యూరి చెప్పులు కుట్టువాడు మీ పాదమును కాగితముపై నుంచి గీత గీచి, వ్రేలి ప్రక్కనున్న కాయను గుర్తుంచుకొని, అచ్చట తోలు వదులుచేసి కుట్టిన దినములు మీలో పెద్దలకు జ్ఞాపకముండును. లండనులోని ఆ యంత్రము చేయునదియు అదే. భేదమేమనగా, అక్కడివారు ఆ కాగితమును మూడుతరములు దాచిరి. మనము చెప్పులు తొడిగికొని కాగితమును పారవేసితిమి. కుట్టినవాని పేరైనను వ్రాసియుంచలేదు.

సంతలో అచ్చుపోసిన సరకు చౌక. దానిని కొనవద్దని నేను చెప్పను, అందరి కుటుంబములును జరుగవలెను గదా. కాని మీ గ్రామమున చేతిపని తెలిసిన వృద్ధుడు ఒక్కడైన మిగిలియుండిన, మీవంటి పెద్దలు చేయగల సాయము కలదు. ఆయనచేత ఏడాదికొక వస్తువైనను చేయించుకొని, బేరమాడక తగిన కూలి నిండు. అంతకంటె ముఖ్యముగా, "నీకు ఈ పని నేర్పినవా రెవరు? నీ వెవరికి నేర్పుచున్నావు?" అని యడుగుడు. మొదటి ప్రశ్నకు ఆయన సంతోషముతో బదులు చెప్పును. రెండవదానికి బదులు లేకపోయినచో, ఒక కుర్రవానినో, ఒక బాలికనో వెదకి ఆయన యొద్ద కూర్చుండబెట్టుట గ్రామపెద్దల పని. జేమ్సు లాకును ఒకనాడు అట్టి కుర్రవాడే.